రికార్డు రూములో ఒక్క ఫోన్

ఆఫీసుల్లో వైఫై బిగించే ఆ టెక్నీషియన్‌ని ఎక్కడికెళ్ళినా అందరూ అడిగేది ఒకటే మాట: "వచ్చిందా?" నిచ్చెనెక్కి, సీలింగుకి సిగ్నలిచ్చే తెల్లటి యాక్సెస్ పాయింట్ పెట్టె బిగించి, వచ్చిందని చెప్పి దిగిపోతే ఇక అతనితో ఎవరికీ పని లేదు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంటికెళ్తే ఆ ఒక్క మాటయినా అడిగే దిక్కు లేదు.

ఆ రోజు ఒక బీమా ఆఫీసులో పని. ప్లానులో పన్నెండు గుర్తులున్నాయి. పదకొండు బిగించాక, ఫోన్ పట్టుకుని సిగ్నల్ కొలుచుకుంటూ రెండో అంతస్తు చివరికి నడిచాడు. ఇనుప బీరువాలు దాటేసరికి సిగ్నల్ పూర్తిగా పోయింది. ఎదురుగా ఒక తలుపు. ప్లానులో దాన్ని స్టోర్ రూమని రాశారు. నెట్టి చూస్తే, పాత ఫైళ్ళ గుట్టల మధ్య ఒకావిడ దబ్బనంతో కాగితాలు కుట్టుకుంటోంది.

"ఇక్కడెవరూ ఉండరనుకున్నానండీ," అన్నాడు కంగారుగా.

"అందరూ అదే అనుకుంటారు బాబూ," అని నవ్విందావిడ. రికార్డు గుమస్తా. "ఇప్పుడు హాజరు ఫోన్లోనే కదా! ఇక్కడేమో సిగ్నల్ అందదు. మెట్ల దాకా వెళ్ళి నొక్కి రావాలి. ఒక్కోసారి మర్చిపోతాను. పోయిన నెల పదకొండు రోజులు నేను రాలేదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ కుర్చీలోనే ఉన్నాను, చూడు!"

నవ్వుతూనే చెప్పింది గానీ, దబ్బనం పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. అతను తిన్నగా మేనేజరు దగ్గరికెళ్ళాడు.

"స్టోర్ రూముకి వైఫై ఎందుకయ్యా?"

"అక్కడ మనిషున్నారు సార్."

"ఎవరూ? ఓ, ఆవిడా!"

"మీటింగ్ హాలుకి రెండు రాశారు. పక్కపక్కన పెడితే ఒకదానికొకటి అడ్డం. ఆ హాలుకి ఒకటి చాలు."

మేనేజరు నమ్మలేదు. తనే ఫోన్ పట్టుకుని హాలు నాలుగు మూలలూ తిరిగి చూసుకుని, "సరే, కానియ్," అన్నాడు.

సాయంత్రానికి కేబుల్ లాగి, పన్నెండోది రికార్డు రూములో బిగించాడు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే హాజరు నొక్కి, చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ చూసుకుంది. "కాసేపు కూర్చో బాబూ, టీ తాగి వెళ్దువుగాని," అంది. ఇంకోచోట పనుందని అబద్ధమాడి వచ్చేశాడు. ఎందుకలా అన్నాడో బస్సులో ఎంత ఆలోచించినా తెలియలేదు.

తను బిగించినవన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో అతను తన ఆఫీసు కంప్యూటర్లోనే చూసుకోవచ్చు. రోజూ తొమ్మిదింపావుకి ఆ రికార్డు రూము పెట్టెకి ఒక్క ఫోన్ కలిసినట్టు కనిపించేది. ముందు అది చూశాకే మిగతా పని. మూణ్ణెల్లు అలాగే గడిచింది. తర్వాత వరసగా నాలుగు రోజులు సున్నా.

అయిదో రోజు మేనేజరే ఫోన్ చేశాడు. "ఆవిడ రిటైరయ్యారయ్యా. ఆ పెట్టె తీసి క్యాంటీన్లో పెట్టు."

వెళ్ళాడు. గది శుభ్రంగా ఊడ్చి ఉంది. ఫైళ్ళన్నీ బొత్తులుగా కట్టి, ఏ బొత్తిలో ఏముందో గుండ్రటి అక్షరాలతో చీటీలు అంటించి ఉన్నాయి. ఆవిడ నంబరు కోసం నలుగురిని అడిగాడు. ఎవరి దగ్గరా లేదు. కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కి మాత్రం కొంచెం తెలుసు.

"వేరే ఊళ్ళో చెల్లెలుందట, అక్కడికే వెళ్తున్నానంది. తన సామాన్ల సంచి నేను మోస్తానన్నా వినలేదండీ."

అతను తలూపి, పైకెళ్ళి రికార్డు రూములో పెట్టె విప్పి, క్యాంటీన్లో నిచ్చెన వేశాడు. స్విచ్చు వేసిన పది నిమిషాలకే నలభై మూడు ఫోన్లు కలిశాయి.