బీరువాల మైక్రోస్కోపు

విమానాశ్రయం కాడి పెద్ద హోటల్ల మా టీచర్లందరికీ ట్రైనింగిచ్చిండ్రు. సైన్సు అందరికీ సమానంగ అందాలె, ఆడపిల్లలు ముందుండాలె అని. సమానత్వం సంగతేమో గని, ఆ ఏసీకి జలుబు మాత్రం అందరికీ సమానంగనే అందింది. పోయేటప్పుడు మా బడికో మైక్రోస్కోపు గూడ ఇచ్చిండ్రు.

మా హెడ్మాస్టర్ రామచంద్రయ్య సారు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాల పెట్టి తాళమేసిండు.

"మరి పిల్లలు చూడొద్దా సార్?" అన్న.

"చూడనియ్యమ్మా డోర్కాస్, అద్దాల బీరువానే గద!"

ప్రభువా, ఓపికియ్యి అనుకున్న.

నా తొమ్మిదో తరగతిల మనీషా అని ఒక పిల్లుంది. పుస్తకంల ఉల్లిపొర బొమ్మ చూసి, "గీ గళ్ళు నిజంగ ఉంటయా టీచర్, ఎవరన్న ఊకనే గీసిండ్రా?" అని అడిగింది. జవాబేమో బీరువాల ఉంది. ఇంటర్వెల్ గంట కొడితే చాలు, ఆ పిల్ల పోయి అద్దానికి ముక్కు ఆనిచ్చి నిలబడుతది. చూస్తే నా పానం గుంజేది.

ఇంతల ట్రైనింగిచ్చిన ప్రసన్నలక్ష్మి మేడం మా బడి చూడనీకి వస్తుందన్నరు. సారు హడావుడి చూడాలె ఇగ! మైక్రోస్కోపు కాడ మొగపిల్లలను పెట్టిండు. మనీషాను పిలిచి, "పొడుగున్నవు బిడ్డా, ఆడపిల్లలంత లంగా ఓణీలు ఏసుకొని రాండ్రి, పూల పళ్ళెం నువ్వే పట్టాలె" అన్నడు.

"ఆడపిల్లలు ముందుండాలన్నరు గద సార్?"

"గేటు కాడ్నే నిలబెడుతున్న గదమ్మా. ఇంకెంత ముందు పెట్టాలె?"

మేడం ఎండ నెత్తికెక్కినంక వచ్చింది. ఆడపిల్లలు పూలు చల్లిండ్రు, మొగపిల్లలు ఫొటోలు దిగిండ్రు. "మీ బడిలో సమానత్వం కళ్ళకు కట్టినట్టుందండీ!" అని మేడం మురిసిపోయి కారెక్కింది. దుమ్ము అణగకముందే మైక్రోస్కోపు మళ్ళ బీరువాల పడ్డది.

మనీషా ఖాళీ పళ్ళెం పట్టుకొని నా కాడికొచ్చింది. "టీచర్, మేడం వాళ్ళు మళ్ళెప్పుడొస్తరు? ఇంకోపారి గూడ పళ్ళెం మంచిగ పడితే, నన్ను చూడనిస్తరా?"

నాకు తిక్క రేగింది. సీదా సారు రూముకు పోయి చెయ్యి చాపిన.

"తాళంచెవి ఇయ్యుండ్రి."

"పగిలితే ఎవరు జవాబు చెప్పాలమ్మా?"

"నేను చెప్త. నా జీతంల కోసుకోండ్రి. కావాలంటే రాసిస్త."

సారు ముఖం వెలిగింది. గిసుంటి పిచ్చిది దొరకాలని ఎన్నేండ్ల సంది చూస్తున్నడో పాపం! కాయితం రాయించుకొని తాళంచెవి నా చేతిల పెట్టిండు. ఆయన ఏ పనైనా అంత జల్ది చేసుడు నేనెన్నడు చూడలే.

మధ్యాహ్నం అన్నం వండే సత్తెమ్మక్కనడిగి ఉల్లిగడ్డ తెచ్చిన. లంగా ఓణీలతోనే ఆడపిల్లలు, వాళ్ళెనుక మొగపిల్లలు లైను కట్టిండ్రు. మనీషా ఉల్లిపొర మీద పల్చటి గాజు ముక్క పెట్టి గట్టిగ ఒత్తింది. టప్పుమని పగిలింది.

పిల్ల కండ్లల్ల నీళ్ళు. దర్వాజ కాడ సారు తల. "నేను ముందే చెప్పలే?"

"చెప్పిండ్రు సార్. పగిలిందంటే వాడుతున్నట్టే." మనీషా చేతిల ఇంకో ముక్క పెట్టిన. "కానియ్ బిడ్డా."

ఈపారి పగలలే. మనీషా కన్ను ఆనిచ్చింది. పక్కనున్న మీటను ఇటటు తిప్పింది.

"ఉన్నయ్ టీచర్," అన్నది మెల్లగ. "నిజంగనే ఉన్నయ్."

"ఏమున్నయ్, ఏమున్నయ్? జర జరుగు," అని సారు అందరినీ నూక్కుంట ముందుకొచ్చిండు.

మనీషా కన్ను తియ్యలే.

"లైన్ల రాండ్రి సార్," అన్నది.