వెంకటరత్నం గారు మెయిల్ పెట్టరు

మొగుడు ఏ ఊళ్లో ఉన్నాడో తనకి తెలియని రోజు వస్తుందేమోనని ఫ్లోరెన్స్ భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే. చిన్న భయాలకి లెక్క లేదు. పిల్లకి దగ్గొస్తే భయం, రాకపోతే భయం. నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసి, దాన్ని లేపి ఏడిపించి, ఏడ్చింది కాబట్టి బాగానే ఉందని కుదుటపడే మనిషి ఆమె. కానీ ఆ భయాలన్నీ వచ్చిపోయే చుట్టాలు. ఈ పెద్ద భయం మాత్రం ఇంట్లో పీట వేసుకుని కూర్చుంది, తెనాలి నుంచి వెంకటరత్నం గారు ఫోన్లు చేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి.

వెంకటరత్నం గారు ఏజెంటు. ఎక్కడెక్కడి రిఫైనరీలనో మరమ్మతులకి ఆపినప్పుడు, పైకెక్కి పనిచేసేవాళ్లు నిలబడటానికి ఇనుప పైపులతో పరంజా కట్టాలి. అది కట్టే మనుషుల్ని కాంట్రాక్టు మీద పంపించడం ఆయన వ్యాపారం. ఫ్లోరెన్స్ భర్త ఆకాష్‌కి వచ్చిన పని అదొక్కటే. బాపట్లలో ఇల్లు కట్టుకునేవాళ్లకి సరుగుడు కర్రలు చాలు, పైపులతో ఎవరికి పని? అందుకే ఆ ఫోన్ మోగినప్పుడల్లా అతని మొహం వెలిగేది. ఆమె మొహం వాడిపోయేది.

ఆయన గొంతు తెనాలి బెల్లం జిలేబీ. తీపీ ఉంది, మెలికలూ ఉన్నాయి.

"చెల్లెమ్మా, అన్నం తిన్నారా? పాపకి దగ్గు తగ్గిందా? మీ ఆయన్ని పంపిస్తే రాజాలాగా చూసుకుంటారమ్మా."

"ఏ ఊరండి అన్నయ్య గారూ?"

అడిగిన ప్రతిసారీ ఊరు మారేది. ఒకసారి గుజరాత్, ఒకసారి ఒడిశా. ఇంకోసారి ఊరు పేరే లేదు, "సముద్రం పక్కనేనమ్మా, అచ్చం మన సూర్యలంకలాగే ఉంటది" అన్నాడు. ఆయన మాటలు కోటలు దాటేవి గానీ ఆయన కాళ్లు తెనాలి దాటిన దాఖలా లేదు.

"ఆ ఊరి పేరూ కంపెనీ పేరూ ఒక్క మెయిల్ పెట్టండి అన్నయ్య గారూ."

"మెయిలా? మెయిళ్లు పరాయివాళ్లకమ్మా. మనం మనం ఒకటి."

"పోనీ మెసేజన్నా పెట్టండి."

"నావి లావు వేళ్లు తల్లీ. ఒకటి కొడితే ఇంకోటి పడుద్ది. నోరుండగా వేళ్లెందుకు?"

ఆకాష్ విసుక్కునేవాడు. "తొమ్మిదిలో బడి మానేసినదానివి, నీకు మెయిలెందుకే?"

"బడి మానిపించారు గానీ కళ్లు మూయించలేదు కదండీ" అనేది ఆమె.

అలా వినగా వినగా, ఈ మనిషికి ఫోనంటే ఎందుకంత ప్రాణమో ఫ్లోరెన్స్‌కి అర్థమైంది. ఆయన వినేది మాట కాదు, మాటకి ముందొచ్చే నిట్టూర్పు. నిట్టూర్పు పొట్టిదైతే మామూలు రూము. కాస్త పొడుగైతే ఏసీ రూము. అందులో ఏడుపు జీర కలిస్తే మూడు పూటలా చేపల పులుసు. మెయిల్లో నిట్టూర్పు వినపడదు మరి. పైగా మెయిలొస్తే మనిషి రెండుసార్లు చదువుకుంటాడు, పక్కింటివాళ్లకి చూపిస్తాడు, ఆలోచిస్తాడు. ఫోన్లో "ఇప్పుడే చెప్పమ్మా, లైన్లో ఇంకొకరున్నారు" అంటే ఆలోచన కూడా నిలబడి కంగారుపడుతుంది. నిన్నటి మాట ఇవాళ అడిగితే "నేనట్టా అన్లేదే, నువ్వు అట్టా విన్నావు" అని తేల్చేసేవాడు. పోనీ రికార్డు చేద్దామని ఒకసారి బటన్ నొక్కితే, ఆ సంగతి ఫోనే ఇంగ్లీషులో ఆయనకి చాటింపు వేసింది. లైను టక్కున తెగింది. మర్నాడు, "నిన్న సిగ్నల్ లేదమ్మా" అన్నాడు వెంకటరత్నం గారు.

ఇక లాభం లేదని పిల్లని చంకనేసుకుని తెనాలి రైలెక్కింది. ఆఫీసు ఒక బట్టల కొట్టు పైన ఉంది. బోర్డు మీద ఆయన పేరు, పేరు కింద ఎర్ర రంగుతో ఇంత లావు అక్షరాల్లో ఈమెయిల్ అడ్రసు. తలుపుకి తాళం. ఫోన్ చేసింది.

"ఆఫీసులోనే ఉన్నానమ్మా. ఎదురుగా పెద్దమనుషులు కూర్చున్నారు, మళ్లీ చేస్తా."

తాళం ఎదురుగా మెట్ల మీద ఒక్క మనిషే కూర్చుని ఉంది, చెప్పులు పక్కన పెట్టుకుని. ఆ పెద్దమనిషి పేరు ప్రమీల. రేపల్లె నుంచి వచ్చింది. ఆమె మొగుడు తోమాసుని వేసవిలో ఈ వెంకటరత్నం గారే పంపించాడు.

"మొదట్లో రోజూ మాట్లాడేవాడమ్మా. తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. ఏంటన్నా అని ఈయన్నడిగితే, సైట్లో ఫోన్లు పెట్టనివ్వరు, రేపు మాట్లాడిస్తా అంటాడు. ఆ రేపు రావట్లేదు."

"ఏ ఊరెళ్లాడక్కా?"

ప్రమీల చెప్పులకేసి చూసింది. "ఫోన్లో మూడూళ్లు చెప్పాడు. మూడిట్లో ఏదో ఒకటి అవుద్దిలే అనుకున్నాం. పోలీస్ స్టేషన్‌కెళ్తే, ఏ ఊరెళ్లాడమ్మా అని వాళ్లే అడిగారు. అది తెలిస్తే స్టేషన్‌కెందుకెళ్తా చెల్లీ?"

తన భయం అలా చీర కట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటుందని ఫ్లోరెన్స్ అనుకోలేదు. "శనివారం మా ఇంట్లో ప్రార్థన ఉందక్కా. మీరు రావాలి" అంది.

శనివారం సాయంత్రం చర్చి ఆడవాళ్లంతా వచ్చారు. రిటైరైన హెలెన్ టీచరు గోడకానుకుని కూర్చుంది. పక్కింటి మంగాయమ్మ ముందు వరసలో, ప్రమీల తలుపు పక్కన. పాట అవుతుండగానే ఫోన్ మోగింది. ఆకాష్ బ్యాగు సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు, వెంకటరత్నం గారికి ఇవాళే జవాబు చెప్పాలి. ఫ్లోరెన్స్ స్పీకర్ పెట్టి ఫోన్‌ని స్టూలు మీద నిలబెట్టింది.

"అన్నయ్య గారూ, ఇంట్లో అందరూ వింటన్నారు. అన్నీ మళ్లీ ఒకసారి చెప్పండి."

"ఏసీ రూము తల్లీ..."

"ఆమెన్" అంది మంగాయమ్మ. ఆమె కావాలని అనలేదు. ప్రార్థనలో ఎవరి వాక్యం ఆగినా ఆమె నోరు ఊరుకోదు.

"ఎవరమ్మా అది?"

"ప్రార్థనకొచ్చినవాళ్లండి. చాలామంది ఉన్నారు."

ఇంకొకడైతే అక్కడే జాగ్రత్తపడేవాడు. వెంకటరత్నం గారికి మాత్రం గదినిండా భార్యలు, తల్లులు, వాళ్ల వెనక పనికెళ్లే మొగుళ్లు, కొడుకులు వరసగా కనపడ్డారు. గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం సెలవమ్మా! అమ్మలందరికీ చెప్తన్నా."

"ఆమెన్!" ఈసారి నలుగురు.

"మూడు పూటలా మన తెలుగు భోజనం!"

"ఆమెన్!"

"గేటుకెదురుగానే తెలుగు చర్చి!"

"ఆమెన్, హల్లెలూయా!"

ఆకాష్ గుమ్మంలో నిలబడి మీసాల్లో నవ్వుకుంటున్నాడు. హెలెన్ టీచరు ముందుకు వంగింది. "చాలా సంతోషం నాయనా. ఆ చర్చి ఏ ఊళ్లో?"

"ఊరా అండి... ఊరి పేరు కంపెనీవాళ్లు రేపు చెప్తారండి."

ఈసారి ఆమెన్ రాలేదు. మంగాయమ్మ కూడా నోరు మూసుకుంది. జీవితమంతా నిట్టూర్పులు కొలిచిన మనిషికి ఆ నిశ్శబ్దం కొలత అందలేదు. "హలో? అమ్మా? ఉన్నారా?" అన్నాడు.

తలుపు పక్క నుంచి ప్రమీల లేచి స్టూలు దగ్గరికి వచ్చింది. "అన్నా, నేను రేపల్లె ప్రమీలని. గేటుకెదురుగా చర్చి మాక్కూడా చెప్పావు. మా ఆయన ఏ ఊళ్లో ఉన్నాడన్నా?"

"హలో... హలో... సిగ్నల్ సరిగ్గా..."

"మాకు చక్కగా వినపడతంది నాయనా, చెప్పు" అంది హెలెన్ టీచరు.

లైను తెగింది. ఆకాష్ మొహంలో నవ్వు కూడా.

కాసేపటికి ఫ్లోరెన్స్ ఫోన్‌కీ ప్రమీల ఫోన్‌కీ ఒకే మెసేజ్ వచ్చింది. లావు వేళ్లాయన ఒక్క తప్పు లేకుండా కొట్టాడు: "ఇకపై ఏ సమాచారానికైనా ఈమెయిల్ ద్వారా మాత్రమే సంప్రదించగలరు."

ఆ తర్వాత ఆయన నంబరు కలవలేదు. ఆకాషే కూర్చుని, బోర్డు మీది అడ్రసుకి మెయిల్ కొట్టాడు. తోమాసు ఎక్కడున్నాడు, అంతే రాశాడు. పంపీ పంపకముందే తిరిగొచ్చింది. అలాంటి అడ్రసే లేదట.

ఆకాష్ బ్యాగులోంచి బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసుకున్నాడు. ఇప్పుడు శని, ఆదివారాల్లో సూర్యలంక బీచ్‌కొచ్చే జనం కోసం పైపులతో షెడ్లు కడుతున్నాడు. ఇది నా పనికి తగ్గ పనా అని సణుగుతాడు. బూట్లనిండా ఇసుకతో ఇంటికొస్తాడు. ఆ ఇసుక ఊడుస్తుంటే ఫ్లోరెన్స్‌కి ప్రాణం లేచొస్తుంది, ఫలానా ఊరి ఇసుక అని తెలుసు కాబట్టి.

భయం మాత్రం పూర్తిగా పోలేదు. రోజూ పొద్దున రేపల్లెకి ఫోన్ చేసి "ఏమన్నా తెలిసిందా అక్కా?" అని అడుగుతుంది. అవతలి నుంచి ముందు నిట్టూర్పు వినపడుతుంది. దానికి బదులివ్వడానికి ఫ్లోరెన్స్ దగ్గర ఏ ఏసీ రూమూ లేదు.

అందుకని, ఇది చదివే మీ ఊళ్లో రిఫైనరీ గనక ఉంటే, మరమ్మతులకని వచ్చిన మనుషులు రేకుల షెడ్లలో ఉంటే, ఒక్కసారి అటు వెళ్లండి. పొడుగు మనిషి. ఎడమ ముంజేతి మీద వేడి పైపు తగిలిన మచ్చ. మాట్లాడేముందు నవ్వుతాడు. రేపల్లె తోమాసువేనా అని అడగండి. అవునంటే, ఒంట్లో ఎలా ఉందో, తింటున్నాడో లేదో దగ్గర కూర్చుని కనుక్కోండి. ఎవరో ఫోన్లో "బాగానే ఉన్నాడమ్మా" అన్నారని ఊరుకోకండి. మీ కళ్లతో చూడండి.