హన్నా మీద మూడో ఫిర్యాదు

ఆదివారం పొద్దున్న స్పందన దోసెలు పోస్తోంది. అత్తగారు సీతాదేవికి రెండు, భర్త అభిరామ్‌కి నాలుగు, మళ్ళీ అత్తగారికి 'ఇంకొక్కటి, పల్చగా'. తన వంతు ఎప్పుడూ గిన్నె అడుగు గీకిన పిండే. మధ్యలో నోరు జారింది మహాతల్లి. "తిన్న కంచాలు సింకులో పెట్టండి" అంది. అంతే, సీతాదేవి కంచం అక్కడే వదిలేసి కొడుకు వంక చూసింది. కొడుకు ఫోన్ తీశాడు.

ఎవరికనుకున్నారు? గుంటూరులో ఉన్న స్పందన తండ్రి వీరభద్రరావుకి. కెనడాలో, ఒషావా ఊళ్ళోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఆచారం అది. కోడలు తప్పు చేస్తే ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, ఆమెను ఎదురుగా నిలబెట్టి, వీడియో కాల్‌లో తండ్రి ముందు పంచాయితీ పెట్టాలి. చివర్న ఆమె సారీ చెప్పాలి. కూర చల్లారిందని ఒకసారి, ఎదురు మాట్లాడిందని ఇంకోసారి, ఇప్పటికే రెండయ్యాయి. రెండుసార్లూ చెప్పింది. చెప్పాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్ మోగుతుంటే ఆమెకు హన్నా గుర్తొచ్చింది. స్పందన మాస్టర్స్ చేస్తూ ఒక ప్రొఫెసరమ్మ దగ్గర పార్ట్‌టైమ్ చేస్తోంది. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియా వైపు ఓడల్లో తోలేసిన ఖైదీలు ఆ తర్వాత ఏమయ్యారో పాత రికార్డుల్లో వెతకడం పని. చచ్చిన దొంగల వెంటపడితే ఏమొస్తుందని అభిరామ్ ఎగతాళి. హన్నా మేజోళ్ళు దొంగిలించి ఏడేళ్ళ శిక్ష మీద వెళ్ళింది. మొగుడు దొరలా టికెట్ కొనుక్కుని వెనకే వచ్చాడు. ఖైదీలను ఇళ్ళల్లో పనికిచ్చే రోజులు కదా, సర్కారు ఆమెను తీసుకెళ్ళి మొగుడికే పనిమనిషిగా ఒప్పజెప్పింది. ఆయనగారు ఊరుకున్నాడా? తిండి ఆలస్యం చేసిందని ఒకసారి, ఎదురు చెప్పిందని ఒకసారి మేజిస్ట్రేటు దగ్గరికి లాక్కెళ్ళాడు. మొదటిసారి రొట్టె, నీళ్ళతో చీకటిగది. రెండోసారి జుట్టు కత్తిరించారు. మూడో ఫిర్యాదుకి పిలిచేసరికి మనిషి లేదు. ఆ తర్వాత ఏ రికార్డులోనూ లేదు. ఇక దొరకదేమో అని ప్రొఫెసరమ్మ దిగులుపడింది. స్పందన మాత్రం బస్సులో ఇంటికొస్తూ నవ్వుకుంది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి నా చేత అంట్లు తోమిస్తానంటోంది" అని మొదలుపెట్టింది సీతాదేవి. కనీసం ఒక్క అబద్ధంతో ఆగిందా! తల్లికి తోడు అభిరామ్ అందుకుని, ఇలాగైతే దీన్ని ఇండియా పంపించేస్తానన్నాడు. భార్య అక్కడ చదువుతోందని మొగుడికిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద బతుకుతూ అంటున్నాడీ మాట!

స్పందన ఫోన్‌లో తండ్రి ముఖమే చూస్తోంది. ఏం జరిగిందమ్మా అని ఒక్కసారి తనను అడుగుతాడేమోనని. అడిగితే చాలు, ఈసారికీ సారీ చెప్పేసేదేమో.

"మీ చేతుల్లో పెట్టేశాం బాబూ. కొట్టినా తిట్టినా మీ ఇష్టం" అన్నాడు వీరభద్రరావు. "సారీ చెప్పెయ్ తల్లీ. ఒక్క మాటేగా."

స్పందనకి ఏడుపు రాలేదు, అదే ఆమెకు వింతగా ఉంది. అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"వచ్చే నెల మన పర్మిట్ల ఎక్స్‌టెన్షన్ ఉంది కదా అభీ. నా ఒక్కదానికే అప్లై చేస్తున్నా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె కోటు వేసుకుంది, బూట్లు తొడుక్కుంది. రెండో పంచాయితీ నాడే క్లాస్‌మేట్ ఇషిత తన రూమ్ తాళంచెవి ఒకటి ఇచ్చింది. పాస్‌పోర్టు అప్పట్నుంచీ బ్యాగులోనే ఉంది. తలుపు మెల్లగానే వేసి వెళ్ళిపోయింది.

"అమ్మాయి కనబడట్లేదు బాబూ, ఫోన్ అటు తిప్పు" అంటున్నాడు వీరభద్రరావు. అభిరామ్ తిప్పాడు. వంటిల్లు, హాలు, తలుపు. పెనం మీద స్పందన తనకోసం పోసుకున్న దోసె మాడుతోంది.

సీతాదేవి కొడుకు వంక చూసింది. ఈసారి ఎవరికి ఫోన్ చెయ్యాలో కొడుక్కి తెలియలేదు.