తడి ఆరని అద్దకం

పదింటికి ఫరా స్కూల్లో ప్రదర్శన. ఎనిమిదిన్నరకి షంషాద్ దొడ్లోకి వచ్చి చూస్తే, అక్కడ పెట్టాల్సిన పాత అద్దకం దుప్పటి దండెం మీద నీళ్ళోడుతోంది.

"అత్తా! ఏందిది?"

"ఉతికా," అంది ఖాసింబీ తాపీగా చేతులు తుడుచుకుంటూ. "నలుగురిలోకి పోయే గుడ్డ. మా బందర్లో అద్దకాన్ని ఉతక్కుండా గడప దాటించరు. నీళ్ళు తాగితేనే రంగు మొహం విప్పుద్ది."

"రంగు మొహం తర్వాత, నీ మనవరాలి మొహం చూడు! నెల్రోజుల్నుంచి క్లాసంతా చెప్పుకుంది. చెయ్యి కూడా పెట్టొద్దని టీచరు చెప్పిందిగా?"

"ఆమెది బందరా?"

షంషాద్ పళ్ళు కొరుక్కుంది. నరసరావుపేటకి కాపరానికొచ్చిన ఇరవై ఏళ్ళలో, చేపల పులుసు దగ్గర్నుంచి పిల్ల జడ దాకా, బందర్లో పుట్టిన అత్తతో ప్రతి తగువూ ఈ ప్రశ్న దగ్గరే ముగిసింది.

ఇంతలో ఫరా ఏడుపు మొహంతో కాగితం పట్టుకొచ్చింది. పైన 'రేవు పట్టణాల వారసత్వం' అని ఉంది.

"అమ్మీ, ఇది ఏ సంస్కృతిదో ఈ గడిలో రాయాలి. ఒకటే రాయాలంట. ఖాళీగా ఉంటే బల్ల ఇవ్వరంట."

"మీ దాదీనే అడుగు."

"దుప్పటి మధ్యలో ఆ సర్వి చెట్టు బొమ్మ ఇరానీ వాళ్ళది," అంది ఖాసింబీ. ఫరా పెన్సిలుతో రాసుకుంది. "ఆగవే, పూలు మాత్రం మా బందరు వలందపాలెంలో ఉండిన డచ్చి దొరలు అడిగి వేయించుకున్న నమూనా." ఫరా చెరిపింది. "అంచేమో గుడి తేరుకి కట్టే గుడ్డలది. అచ్చు చెక్కింది మా తాత. రంగేసింది మా పక్కింటి రామబ్రహ్మం వాళ్ళ తాత."

"ఉతికిందెవరో మాకు తెలుసులే," అంది షంషాద్.

చెరిపీ చెరిపీ ఆ గడి దగ్గర కాగితం చిరిగేలా ఉంది. తొమ్మిదిన్నరయింది. వీధి చివరి నాగూర్ వలి ఆటోలో ఫరాని మధ్యలో కూర్చోబెట్టుకుని, అత్తాకోడళ్ళు చెరో కొస పట్టుకుని, దుప్పటిని గాలికి ఆరబెట్టుకుంటూ స్కూలుకి చేరారు.

ప్రత్యూష టీచరు దుప్పటిని ముట్టుకుని ఉలిక్కిపడింది. "తడిగా ఉందేంటండీ? గడి కూడా ఖాళీయే!"

ఫరా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షంషాద్ టీచరు చేతిలోని పెన్ను లాక్కుని, ఆ గడిలో 'బందరు' అని రాసేసింది.

"అది ఊరండీ. సంస్కృతి కాదు."

"ఆ మాట మా అత్తకి చెప్పండి. ఇరవై ఏళ్ళ నుంచీ నావల్ల కాలా."

ప్రత్యూష ముసలామె వైపు తిరిగింది. "చూడండమ్మా, బందరంటే..."

"నీది బందరా?" అంది ఖాసింబీ.

ప్రత్యూష ఆ కాగితం తీసుకుంది. కిటికీ పక్కన ఎండ పడుతున్న బల్ల చూపించింది.