మీ వంతు అలాగే ఉంది

ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద ఉండగానే ఆమె నిద్రపోయింది. కూర్చుని కాదు, గోడకి ఆనుకుని కూడా కాదు, నిలబడే. కాలిన వాసనకి ఉలిక్కిపడి చూసుకునేసరికి భర్త లేతనీలం చొక్కా మీద గోధుమరంగు మచ్చ పడింది. చెయ్యి కూడా కాలింది గానీ, ఆ ఇంట్లో దాని సంగతి ఎవరూ అడగలేదు.

"ఒక్క చొక్కా! ఒక్క చొక్కా తిన్నగా చెయ్యడం రాదు గానీ డిగ్రీ కావాలట, డిగ్రీ," అన్నాడు భర్త. అతను అరవలేదు. అరిచినా బావుండేది. "చదువుకుంటానంటే కాదన్నానా? ఇంటిపని ఆగకూడదన్నాను, అంతేగా నేనడిగింది? ఇవాళే వెళ్లి టీసీ తెచ్చేసుకో."

"పిల్లాజెల్లా లేని ఇల్లు. ఏం పనుందని ఈ నిద్రమొహం?" అంది అత్తగారు, తన టీ అందుకుంటూ. మామగారు పేపరు పక్కకి దించి, "పోనీలే, ఇంకో చొక్కా చేసెయ్యమ్మా," అన్నారు. ఆ ఇంట్లో దయ అంటే అదే.

ఆమె ఇంకో చొక్కా చేసింది.

ఏం పనుందట! మామగారికి చక్కెర లేని టీ, అత్తగారికి పాలెక్కువ టీ, భర్తకి మరిగి మరిగి నల్లబడ్డ టీ, మూడూ మూడు వేళల్లో. ఆ తరవాత క్యారేజీలు, బట్టలు, గిన్నెలు, అత్తగారి మోకాళ్లకి నూనె. పెళ్లికోసం సగంలో ఆగిన చదువు తొమ్మిదేళ్ల తరవాత మళ్లీ మొదలైతే, ఈ పనుల్లో ఒక్కటి కూడా మొహమాటానికైనా పక్కకి జరగలేదు. అందరూ పడుకున్నాక పుస్తకం తీస్తే, "లైటు కళ్లలో పడుతోంది," అని భర్త విసుక్కునేవాడు. అందుకని బాత్‌రూంలో తలుపేసుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని చదివేది. కాలేజీలో చూస్తే ఇరవై ఏళ్ల పిల్లలు ఆమెని 'ఆంటీ' అని పిలుస్తూ చివరి బెంచీ మర్యాదగా ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు. అక్కడా ఒంటరే, ఇక్కడా ఒంటరే. బకెట్ మీద కూర్చున్నప్పుడు మాత్రం కాస్త తోడున్నట్టుండేది, ఎదురుగా అద్దం ఉండేది కాబట్టి.

ఆ పూట కాలేజీ ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే, "భోజనాలయ్యాక రండమ్మా, టీసీ రాసిస్తా," అన్నాడు. ఆఫీసు ఉన్నది మూడో అంతస్తు. ఎక్కడికి పోవాలో తెలియక ఆమె వరండాలోకి వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడింది. కింద నేల నీడపట్టున చల్లగా కనిపించింది. చచ్చిపోవాలని ఆమెకి గట్టిగా ఏమీ అనిపించలేదు. పడుకోవాలనిపించింది. ఎవరూ లేపని చోట, టీ అడగని చోట పడుకోవాలనిపించింది. తనకి వచ్చిన ఆలోచన ఏమిటో అర్థమైంది. అయినా అక్కణ్ణుంచి కదలలేకపోయింది.

"అక్కా, ఈ చాప ఆ చివర కాస్త పట్టుకుంటారా?"

వెనక ఒక పొడుగమ్మాయి పెద్ద చాపతో కుస్తీ పడుతోంది. పని చెబితే కాదనడం ఆమె చేతులకి ఏనాడూ చేతకాలేదు. వాటంతటవే వెళ్లి చాప అందుకున్నాయి. ఆమెని అన్నేళ్లుగా అరగదీసిన ఆ పాడలవాటే ఆ పూట పిట్టగోడ దగ్గర్నుంచి ఇవతలికి లాక్కొచ్చింది.

చాప ఒక గదిలోకి వెళ్లింది. 'విద్యార్థుల మానసిక ఆరోగ్య క్లబ్బు' అని తలుపు మీద ఉంది. కాలేజీలో అందరూ దాన్ని పిచ్చోళ్ల క్లబ్బు అనేవాళ్లు, అందులోవాళ్లతో సహా. చాప పరిచి వెళ్లిపోబోతుంటే పొడుగమ్మాయి, "కూర్చోండక్కా. ఇక్కడ రూల్సు రెండే. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. బాగున్నానని చెప్పకూడదు," అంది.

బాగున్నానని చెప్పకూడదంటే ఇంక చెప్పడానికి ఏముంటుందో ఆమెకి తోచలేదు.

గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. "హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం," అన్నాడు కళ్లజోడబ్బాయి. "నేను ఏడుస్తుంటే మిగతా ముగ్గురికీ వినపడదనుకునేవాణ్ణి. మొన్న తెలిసింది, వినపడుతోందట." అతని పక్కనున్న అమ్మాయి పరీక్ష హాల్లో చేతులు వణికి హాల్ టికెట్ నంబరు కూడా రాయలేకపోయిందట. వరండాల్లో పగలబడి నవ్వే పిల్లలు వీళ్లేనా అని ఆమె నోరు తెరుచుకు చూసింది. ఎవరూ అయ్యో అనలేదు. విన్నారు, అంతే. ఎవరైనా ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊరికే వినడం ఆమె చూసి ఎన్నాళ్లయిందో. వంతు తన దగ్గరికి వస్తుంటే ఏం చెప్పాలా అని వెతుక్కుంది. ఆ వెతుకులాటలోనే రెప్పలు వాలిపోయాయి.

మెలకువ వచ్చేసరికి తల కింద ఎవరిదో సంచీ ఉంది. ఫ్యాను తనవైపు తిప్పి ఉంది. పిల్లలు చాప రెండో కొసకి జరిగి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

"క్షమించండి, క్షమించండి," అంటూ గాభరాగా లేచింది. ఆ ఇంట్లో నిద్ర లేవగానే నోటికొచ్చే మాట అదే.

"ఎందుకక్కా? మీ వంతొచ్చేసరికి నిద్రపోతున్నారు, లేపబుద్ధి కాలేదు," అంది పొడుగమ్మాయి. "మీ వంతు అలాగే ఉంది."

ఉదయం వేణ్ణీళ్లు అందరి స్నానాలూ అయ్యాక ఆమెకి. వంట అందరూ తిన్నాక ఆమెకి, మిగిలితే. ఆమె వంతని ఎవరూ ఏదీ దాచి ఉంచినట్టు గుర్తులేదు. ఇక్కడ ముక్కూమొహం తెలియని పిల్లలు, క్లాసులెగ్గొట్టి, ఆమె నిద్రకి కాపలా కూర్చున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. ముక్కు కారుతూ, ఎక్కిళ్లు పెడుతూ, ఏ మాత్రం అందం లేని ఏడుపు. ఎవరూ ఆపమనలేదు.

"పొద్దున చొక్కా కాల్చేశాను," అంది చివరికి.

"ఎవరిదక్కా?"

"మావారిది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే, "ఇందాక చాప పట్టుకోకముందు, ఆ పిట్టగోడ దగ్గర..." అని ఆగిపోయింది. పొడుగమ్మాయి దగ్గరికి జరిగి, కాలిన చెయ్యి వదిలేసి రెండో చెయ్యి పట్టుకుంది.

"ఈ మాటకి మా రూల్సు సరిపోవక్కా. కింద కౌన్సెలర్ మేడమ్ ఉంటారు. నేను కూడా వస్తా. మీ మాటలయ్యేదాకా బయటే కూర్చుంటా."

ఆమె సరేనని తలూపింది.

మెట్లకి వెళ్లే దారిలోనే ఆఫీసు. గుమాస్తా ఈసారి తలెత్తి, "టీసీ రాయమంటారా అమ్మా?" అన్నాడు. "వద్దండీ," అంది. అంత పెద్ద మాట అంత చిన్నగా బయటికొచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

అప్పుడే ఫోను మోగింది.

"తెచ్చావా?" అన్నాడు భర్త.

"లేదు. తేను. నేను బాగాలేనండీ. అస్సలు బాగాలేను. డాక్టర్లాంటావిడ దగ్గరికి వెళ్తున్నాను. ఇంటికి ఎప్పుడొస్తానో తెలీదు."

ఏమైందని అడుగుతాడేమోనని, ఇంత జరిగాక కూడా, ఆమె ఎదురుచూసింది.

"మరి వంట?" అన్నాడు.

పొడుగమ్మాయి మెట్ల దగ్గర ఆగి ఆమె కోసం చూస్తోంది.

"ఇవాళ మీ వంతు," అని ఆమె ఫోను పెట్టేసింది.