ముందు ముద్ద

నాంపల్లి స్టేషన్ వెనక చేపల బజారులో, మేమందరం చూస్తుండగానే డోర్కాస్ తొట్టిలో ఫినాయిల్ పోశారు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆల్చిప్పలు, వాటి పక్కన అప్పుడే కడిగిపెట్టిన చేపలు, అన్నీ పాడైపోయాయి. ముప్పై ఏళ్లుగా ఆమె కూర్చునే చోటది.

పోయించింది తనిఖీ అధికారి. చేతులు కట్టుకుని చూసింది సరుకు కాంట్రాక్టరు మల్లేశ్వరరావు. తీరం నుంచి రైల్లో వచ్చే ప్రతి పెట్టె అతని చేతి మీదుగానే మాకు చేరుతుంది. అతను దించిందే అమ్మాలి. వద్దంటే మర్నాడు మాకు చోటుండదు.

"మంచు వెయ్యకుండ కుళ్లబెట్టి అమ్మినవ్. ఇజ్రాయేల్ పానం తీసినవ్. గీ కాగితం మీద సంతకం పెట్టు," అన్నాడతను.

శుక్రవారం డోర్కాస్ దగ్గర కొన్న ఆల్చిప్పలు తిని ముగ్గురికి పెదవులు మొద్దుబారాయి, చేతులు లేవలేదు. ఇద్దరు ఇంకా దవాఖానలోనే ఉన్నారు. ఆటో నడిపే ఇజ్రాయేల్ మాత్రం ఊపిరి అందక శనివారం పోయాడు. డోర్కాస్ వెళ్లే చర్చిలోనే అతను పాటలు పాడేవాడు.

డోర్కాస్ పెన్ను అందుకుంది.

"ఏందే, పిచ్చి లేసిందా?" పక్క తొట్టి నాగరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే గద రత్నం. ముందు ముద్ద నేను తినలె."

మా బజారుకు ఒక కట్టుబాటుంది. పెట్టె తెరవగానే గుప్పెడు సరుకు అక్కడే స్టవ్వు మీద ఉడికించి, కొనేవాళ్ల ఎదుట అమ్మే మనిషి తినాలి. తాను తిననిది ఇంకొకరికి అమ్మకూడదు. ఆ శుక్రవారం డోర్కాస్‌కు ఉపవాస ప్రార్థన. ముద్ద నాగరత్నానికిచ్చి తాను తూకానికి కూర్చుంది. తాను తిని ఉంటే తెలిసేదని అప్పటినుంచి లోలోపల కుమిలిపోతోంది.

"నేను తిన్న గద!" నాగరత్నం గొంతు పెంచింది. "పెదిమలు జర చురచురమన్నయ్. పాన్‌ల సున్నం ఎక్కువైందనుకున్న. వాసన లేదు, చేదు లేదు. నువ్వు తిన్నా గంతే!"

అప్పుడొచ్చింది కమలకుమారి. అబిడ్స్‌లో వండిన కూరలమ్మే దుకాణం నడుపుతుంది. దవాఖానలో ఉన్న ఇద్దరూ, డోర్కాస్ ఆల్చిప్పలతో ఆమె వండిన కూర కొన్నవాళ్లే. శనివారం ఇదే తొట్టి ముందు నిలబడి డోర్కాస్‌ను నానా మాటలూ అన్న మనిషి, ఇప్పుడు రొప్పుతూ వచ్చి ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"పెట్టకక్కా. ఇప్పుడే మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు తీరంలో పడవ మీద పనిచేస్తాడు. తుఫాను పోయిన వారానికి సముద్రం తుప్పు రంగు తిరిగిందంట. రొయ్యల చెరువుల మురుగు, పొలాల్లో చల్లిన ఎరువు, అంతా వరదతో కొట్టుకొచ్చి సముద్రంలో పడింది. అలలు అడుగున ఉన్న బురదని కూడా పైకి లేపేశాయి. ఆ తర్వాత ఎండ కాసింది, నీళ్లు కదల్లేదు. ఆ బలం తాగి నాచు పొంగింది. కంటికి ఆననంత సన్నటి నాచు, విషం! ఆల్చిప్పలు దాన్నే తింటాయి. వాటికేం కాదు, వాటిని తిన్న మనిషికే. మంచు వేసినా పోదు, ఉడికించినా పోదు."

మల్లేశ్వరరావు ఫోను చూసుకుంటున్నాడు.

"అవి తియ్యొద్దని అక్కడ మైకు పెట్టి మరీ చెప్పారు. ఎవరూ ముట్టని ఆ సరుకును ఈయన మనుషులు ఎత్తుకొచ్చారు. మా తమ్ముడు కళ్లారా చూశాడు!"

"అవన్నీ ల్యాబులో తేలాలమ్మా," అన్నాడు అధికారి.

"ల్యాబుకి పంపాల్సిన శుక్రవారం సరుకులో ఫినాయిల్ ఎందుకు పోయించారు సార్?" అంది కమలకుమారి.

అధికారి ఫినాయిల్ డబ్బాను కాలితో పక్కకు నెట్టాడు. కాంట్రాక్టరే అందుకున్నాడు. "తుఫాను నేను తెచ్చిన్నా? దేవుడు చేసినదానికి నన్నంటరేంది?"

డోర్కాస్ పెన్ను కింద పెట్టింది. మూడు రోజులుగా వంగిన ఆమె మెడ మెల్లగా లేచింది.

"దేవుని పేరు తియ్యకు. తుఫాను ఆయనదే అనుకో. రొయ్యల చెర్ల మురుగు దేవుడు పోసిండా? మైకుల వద్దన్న సరుకును నాంపల్లికి దేవుడు తోలిండా?"

హమాలీ వెంకటనర్సయ్య తల మీద పెట్టెతో అక్కడికే వచ్చాడు. "ఇయ్యాల సుత అవే వచ్చినయ్ అక్కా. పన్నెండు పెట్టెలు."

"ఒకటి దించు తమ్మీ."

స్టవ్వు వెలిగించింది. ఆల్చిప్పలు నోళ్లు తెరిచాయి. ఉప్పు, కారం, ఇంత చింతపులుసు. కమ్మటి వాసన బజారంతా కమ్ముకుంది. అంత కమ్మగా ఉన్నందుకే మాకు వెన్ను జలదరించింది. డోర్కాస్ పళ్లెం పట్టుకుని మల్లేశ్వరరావు ముందు నిలబడింది.

"నా తొట్టిల కుళ్లింది అంటివి. గిది నీ పెట్టె, నీ మంచు. ముందు ముద్ద నీది. తిను, సంతకం పెడ్త."

అతను వెనక్కి జరిగాడు.

"తిన్రి సారూ!" అన్నారు హమాలీలు. "ఏంది, మీకు సుత ఉపవాసమా?" అని ఎవరో అరిచారు. నవ్వు లేచింది, నవ్వులోంచి కోపం లేచింది. "తిను! తిను!" గల్లీ అంతా ఒకే గొంతైంది. అతను చేత్తో తోసిన పళ్లెం నేల మీద పడి తిరిగింది. సాక్ష్యం ఇంకేం కావాలి?

పోలీసులొచ్చారు. తీసుకుపోయింది అతన్ని కాదు, డోర్కాస్‌ను. గల్లీలో గొడవ చేసిందట! జీపు ఎక్కుతూ ఆమె ఒక్క మాటే అంది. "రత్నం, స్టవ్వు ఆర్పకు."

మర్నాడు పొద్దున రైలు వచ్చింది. పెట్టెలు దిగలేదు. పార్సిల్ గేటు ముందు హమాలీలు తలపాగాలు విప్పి పరిచి కూర్చున్నారు. ఇజ్రాయేల్ ఫోటో కట్టుకుని ఆటోలు వచ్చాయి. అబిడ్స్ నుంచి కమలకుమారి దుకాణం కట్టేసి వచ్చింది, ఆమె దగ్గర కూర కొనుక్కునే హాస్టలు పిల్లలు ఆమె వెంటే వచ్చారు. నిన్నటి అధికారి, మల్లేశ్వరరావు, లాఠీలు, అందరూ ఎదురుగా నిలబడ్డారు.

"సరుకు దించండి!" అన్నాడు అధికారి.

మా మధ్యన స్టవ్వు మండుతోంది. నిన్న తెరిచిన పెట్టెలోని ఆల్చిప్పలే దాని మీద ఉడుకుతున్నాయి. నాగరత్నం పళ్లెం నింపి గేటు ముందు పెట్టింది.

"దించుమన్నోళ్లు ముందుకు రాన్రి. డోర్కాస్‌ను గీడికి తెచ్చి, ఆమె ముందట కూసొని తిన్రి."

ఎవరూ కదల్లేదు. పళ్లెం లోంచి ఆవిరి లేస్తూనే ఉంది. మేం కూడా లేవలేదు.