ముక్కంటికి ఎదురుగా పరుపులు

సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి. మూడు ఊళ్లలో మూడు దుకాణాలు కనుక పెద్ద సేటు తన వ్యాపారానికి ముక్కంటి స్టోర్స్ అని పేరు పెట్టాడు. ఎనభైల్లో ఆ మూడు కళ్లూ తెరుచుకుంటే చుట్టుపక్కల దుకాణాలు కళ్లు తేలేసేవి. కింది అంతస్తులో అగ్గిపెట్టె నుంచి అల్మారా దాకా, స్టీలు బిందె నుంచి ట్రంకుపెట్టె దాకా దొరికేవి. పై అంతస్తు మొత్తం బట్టలు. పెళ్లికూతురు తుంగతుర్తిదైనా, పెళ్లికొడుకు గరిడేపల్లివాడైనా, రెండు ఇళ్లవాళ్లూ ముందుగా కలుసుకునేది ముక్కంటి మేడ మీదే.

ఆ మేడ మీద కుర్చీ లేదు, బల్ల లేదు. గోడ నుంచి గోడకు పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చెప్పులు మెట్ల కింద విప్పి, ట్రాక్టరెడు జనం పైకెక్కి, ముసలమ్మలు గోడకు ఆనుకుని, పిల్లలు దొర్లి, మగవాళ్లు ఒక కునుకు తీసి, ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నాక అప్పుడు మొదలయ్యేది బేరం. బేరమాడకుండా కొన్న చీర ఆ ఆడవాళ్లకు ఒంటి మీద భారమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో నిలబడి కొనే బట్ట ఒక్కటే. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఒక్కడు పరుగున వచ్చి, గడపలోనే నిలబడి, గుడ్డ చింపించుకుని వెళ్లిపోతాడు. పెళ్లి బట్ట అలా కాదు. అందరూ కూర్చోవాలి, అందరి చేయీ దాని మీద పడాలి. పెద్ద సేటుకు ఇది తెలుసు గనకే పరుపుల మీద పెట్టుబడి పెట్టాడు. ఆ దుకాణానికి పరుపే పరువు.

సూర్యాపేట మేడ మీద ఆ పరుపులను ఏలినవాడు సత్యానందం. తానుల నడుమ తానూ ఒక తానులా కూర్చునేవాడు. మడత చీరను చేతిలోకి తీసుకుని ఒక్క విసురు విసిరితే అది గాల్లోనే విప్పుకుని, కొంగు పెళ్లికూతురి ఒడిలో, అంచు అత్తగారి కాళ్ల దగ్గర వాలేది. విసురు ఎంతో గర్వమూ అంతే. అతని భార్య రూతమ్మ అదే మేడ మీద చాయ్ పోసేది. ఆమె మాటల ముందు ఆ చాయ్ కూడా చల్లగానే ఉంటుందని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అదే అనేవారు, కాస్త చాటుగా.

తొంభైల మొదట్లో మోకాళ్లు మొరాయించి పెద్ద సేటు ఇంటిపట్టునే ఉండిపోయాడు. గల్లా ముందు అతని కొడుకు చిన్న సేటు కూర్చున్నాడు. అతను ఒకసారి బెంగుళూరు వెళ్లి, అక్కడొక పెద్ద దుకాణం చూసి, కళ్లలో దాన్ని పెట్టుకుని తిరిగొచ్చాడు. మూడు ఊళ్లలోనూ నేల మీద పాలరాయి పడింది, వాకిలికి అద్దాల తలుపు పడింది, పైన ఏసీ పడింది. పరుపులు మాత్రం వీధిన పడ్డాయి. చీరలు అద్దాల బీరువాల్లో నిలబడ్డాయి. వాటి ముందు పొడుగాటి కౌంటర్లు, కౌంటర్ల వెనక టైలు కట్టుకున్న సేల్స్‌మన్లు. విసరడానికి చోటు లేదు, అరవడానికి వీల్లేదు, కనుక సేల్స్‌మన్లు కాస్తా సేల్స్‌మౌనులయ్యారు.

"సేటూ, గిదేంది? కొనెటోళ్లు యాడ కూసుంటరు?" అని అడిగాడు సత్యానందం.

"కూసోనికి ఇదేమన్న బస్టాండా?" అన్నాడు చిన్న సేటు. "వస్తరు, సూస్తరు, కొంటరు, పోతరు."

"వస్తరు, సూస్తరు, పోతరు. నడిమిట్లది కష్టం."

"ఇగ బేరం ఖతం. రేటు అంటిచ్చి ఉంటది. ఒక్కసారికి ఐదుగురే లోపటికి. ఎక్కువైతే ఏసీ చల్లగుండదు."

"ఐదుగురు పంచాయతికొస్తరు సేటూ, పెండ్లి బట్టలకొస్తరా? నిలవడి తీసుకునేతందుకు గది పెండ్లా, సావా?"

"టై కట్టుకునుడు కష్టమై గివన్ని మాట్లాడుతున్నవ్."

టై మాట కొంత నిజమే. కానీ సత్యానందం ఆ సాయంత్రమే టై విప్పేసి, వీధిలో పడేసిన పరుపులను రిక్షాబండి మీద వేయించుకుని, ముక్కంటికి సరిగ్గా ఎదురుగా ఖాళీగా ఉన్న ఒంటిగది మడిగె ఒకటి కిరాయికి తీసుకుని పరిచేశాడు.

రూతమ్మ ఆ మడిగెలో అటూ ఇటూ చూసింది. "పరుపులు తెచ్చినవ్, మంచిగనే ఉన్నది. సీరలేవయ్యా? పరుపులు కట్టుకుంటరా జనం?"

చీరలు వచ్చాయి గానీ, అల్మారాలో ఒక్క అర నిండేంతే వచ్చాయి. అది చూసి జనం దుకాణం అనుకోలేదు, ఎవరిదో పడకగది అనుకుని తప్పుకుని పోయేవారు.

ఎదురుగా ముక్కంటి కూడా ముక్కుతూనే ఉంది. మొదట కోదాడలో జనం కౌంటర్ల ముందు నిలబడి నిలబడి విసిగిపోయారు. "నిలబడి కాళ్లు పీకేకన్నా బస్సులో కూర్చుంటే బెజవాడే వచ్చేస్తుంది కదండీ" అనుకుని బస్సెక్కేశారు. కోదాడలో ముక్కంటి కన్ను మూసింది. తర్వాత మిర్యాలగూడ. కిటికీలన్నీ బిగించిన దుకాణంలో కరెంటు పోతే ఏసీ ఆగి, లోపలివాళ్లు ఆవిరికి ఉడికిపోయారు. ఊళ్లో వడ్లు ఉడకబెట్టే మిల్లులు చాలవా, మమ్మల్ని కూడా ఉడకబెట్టాలా అని మళ్లీ గడప తొక్కలేదు. రెండో కన్నూ మూసింది. మిగిలింది సూర్యాపేట కన్ను ఒక్కటే. ముక్కంటి కాస్తా ఒంటికంటి అయింది.

అయినా సత్యానందానికి ఒరిగిందేమీ లేదు. ముక్కంటి పేరు విని వచ్చినవాళ్లు అద్దాల తలుపులోంచి లోపలికెళ్లి, మూతి ముడుచుకుని బయటికొచ్చి, నేరుగా ఖమ్మం బస్సో హైదరాబాద్ బస్సో ఎక్కేవారు. ఎదురు మడిగె ఎవరి కంటా పడేది కాదు. ఇది గమనించిన చిన్న సేటు ఒకరోజు రోడ్డు దాటి వచ్చాడు.

"ఎందుకు పరేషాన్ అయితవ్ సత్యానందం? వచ్చెయ్. సీరల కాడ జాగ లేదు, తలుపు కాడ ఉన్నది. తలుపు తీసుడు, సలాం కొట్టుడు, గంతే. టోపీ గిట్ల మేమే ఇస్తం."

చీర విసిరిన చేత్తో సలాం! సత్యానందం పళ్లు కొరికి ఏదో గొణిగాడు. అది అచ్చుకు పనికొచ్చే మాట కాదు.

సేటు వెళ్లాక రూతమ్మ నెమ్మదిగా చెప్పింది, అంటే వీధి చివరి దాకా వినబడేంత నెమ్మదిగా. "ఇను. ఈ పెండ్లిళ్ల సీజన్ దాటే లోపు ఒక్క పెద్ద పెండ్లన్న మన పరుపెక్కాలె. ఎక్కిందా, బతికినం. ఎక్కలేదా, నువ్వు నెత్తికి టోపీ ఎక్కిచ్చుకో. నేను ఒంటిగ ఈ కిరాయి ఈడ్వలేను."

"సలాం కొట్టుడుకన్న..."

"సలాం కొట్టెటోనికి జీతమన్న వస్తది. నువ్వు దినమంత ఈగలు కొడుతున్నవ్, ఉత్తగనే."

మాఘం గడిచింది. ఫాల్గుణం సగమైంది. సూర్యాపేటలో ఫాల్గుణానికే సూర్యుడు పూర్తి జీతానికి పనిచేయడం మొదలుపెడతాడు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆత్మకూర్ (ఎస్) వైపు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చి ముక్కంటి ముందు ఆగింది. అక్కడి ఒక తండాలో ఫకీరా అనే రైతు కూతురు కమ్లికి పెళ్లి. తల్లి జమ్లీ, నాయనమ్మ మోతీబాయి, మేనమామలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు, పెళ్లికొడుకు వైపువాళ్లు, ట్రాలీ నిండా జనం. ముక్కంటి మొత్తంలో ఎన్ని అద్దాలున్నాయో, మోతీబాయి రవికె మీదా గాగ్రా మీదా అన్ని అద్దాలున్నాయి.

తలుపు దగ్గర ఆపారు. "ఐదుగురే" అన్నాడు టై.

"నా మనుమరాలి పెండ్లికి మనుషులను లెక్కవెడ్తవా? మేమేమన్న మేకలమా?" అంది మోతీబాయి.

ఐదుగురు వెళ్లారు. వాళ్లు బయటికొచ్చి చూసింది చెప్పబోతే, ఇంకో ఐదుగురు వెళ్లారు. వీళ్లు చూసింది వాళ్లకు తెలియదు, వాళ్లకు నచ్చింది వీళ్లకు దొరకదు. చివరికి మోతీబాయి లోపలికెళ్లి నలుదిక్కులా వెతికింది. కూర్చోవడానికి చోటు కనబడలేదు. ఏ.సీ. అంటే 'ఏదీ సీటు' అని ఆమెకు అప్పుడు తెలిసింది. కౌంటర్ మీద చేతులు పెట్టుకుని నిలబడి, కొడుకు వైపు తిరిగింది.

"ఏరా ఫకీరా, గిట్ల నిలవడి తీస్తున్నం, మనింట్ల ఎవలు సచ్చిండ్రు?"

ఆ ఒక్క మాటకు ఏసీ కన్నా ఎక్కువ చల్లబడింది దుకాణం. కమ్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. జనమంతా బిలబిలా బయటికొచ్చి ట్రాలీ దగ్గర గుమిగూడారు.

ఇదంతా రోడ్డవతల నుంచి చూస్తున్న రూతమ్మ ఊరుకుంటుందా?

"అవ్వా! ఓ అవ్వా! ఎండల ఎందుకు నిలవడ్డవ్? రా, ముందుగాల కూసో! కొనుడు గినుడు తర్వాత సూద్దాం!"

'కూసో' అన్న మాట వినగానే మోతీబాయి కాళ్లు వాటంతట అవే రోడ్డు దాటాయి. ఆమె వెనక తండా దాటింది. చెప్పులు గుట్టపడ్డాయి, పరుపులు నిండిపోయాయి, పిల్లలు దొర్లారు, ఒక మేనమామ అప్పుడే గుర్రు పెట్టాడు. చాయ్ వచ్చింది. సత్యానందం మోకాళ్ల మీద లేచి మొదటి చీర విసిరాడు. ఆడవాళ్లందరూ "అబ్బా" అన్నారు. ఇంకోటి విసిరాడు, ఇంకోటి. ఐదారు చీరలు పక్కన పెట్టించారు కూడా. అంతలో అర ఖాళీ అయింది.

"అన్నా, నా పెండ్లి సీర గిండ్ల లేదే" అంది కమ్లి బెరుకుగా. "గాడ అద్దంల సూసిన. సిలకపచ్చది, ఎర్రంచు. నాకు గదే కావాలె."

"గాడికి మళ్ల పోం" అన్నాడు ఫకీరా. "ఇంకేమన్న సూపియ్యి అన్నా. లేకుంటే బండి ఖమ్మం దిక్కు తిప్పుతం. పెండ్లి సీర యాడ తీస్తే అన్ని గాడనే తీసుడు మాకు."

సత్యానందం చేయి గాల్లోనే ఆగిపోయింది. విసరడానికి చీర లేదు. సీజన్‌లో ఇక పెద్ద పెళ్లి వస్తుందన్న నమ్మకమూ లేదు. ఆ చేయి నుదుటి దగ్గరికి పోతే సలామే. రూతమ్మ మొగుడి ముఖం చూసింది, కొంగు నడుముకు దోపింది, రోడ్డు దాటింది.

చిన్న సేటు కొనేవాళ్లు లేని దుకాణంలో గల్లా ముందు చల్లగా కూర్చుని ఉన్నాడు.

"సేటూ, నీ కాడ సీరలున్నయ్, జనం లేరు. మా కాడ జనం ఉన్నరు, సీరల్లేవు. గా ఎర్రంచు సిలకపచ్చది, దానెంబడి కట్టలు పంపియ్యి. అమ్ముడువోయిన దాంట్ల మా వాటా మాకియ్యి."

"నా సరుకు నీ చింకి పరుపుల మీద పరుస్తనా?"

"నీ పరుపులే సేటూ! మీ నాయిన కుట్టిచ్చినయే. నువ్వు పారేస్తె మేం ఎత్తుకున్నం." ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది. "గటు సూడు. నువ్వు మూడు ఊళ్లల్ల పోగొట్టుకున్న జనం గాడ కూసున్నరు. జర సేపైతే ఖమ్మం పోతరు. పోనిస్తవా?"

చిన్న సేటు అద్దంలోంచి చూశాడు. పరుపుల మీద చాయ్ తాగుతూ నవ్వుతున్న ట్రాక్టరెడు జనం. అలాంటి గుంపును తన తండ్రి మేడ మీద చూసి ఎన్నేళ్లయిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"రేయ్, సిలకపచ్చది తియ్యండి."

చిలకపచ్చది వచ్చింది. దాని వెనక మెరూన్లు వచ్చాయి. వాటి వెనక పట్టుపంచెలు, తువ్వాళ్లు, అటు నుంచి స్టీలు బిందెలు, ట్రంకుపెట్టె. టైలు కట్టుకున్న సేల్స్‌మన్లు కట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే, అటుగా పోతున్న ఆర్టీసీ బస్సు కూడా ఆగి దారిచ్చింది.

సత్యానందం చిలకపచ్చ చీర అందుకున్నాడు. ఊపిరి బిగబట్టి విసిరాడు. అది మడిగె కప్పు దాకా లేచి, ఎండ తగిలి మెరిసి, విప్పుకుంటూ విప్పుకుంటూ వచ్చి కమ్లి ఒడిలో కొంగు వాల్చింది. చీర చేరాల్సిన చోటికి చేరింది. జమ్లీ చేయి వేసింది, మేనత్తలు వేశారు, పిల్లలు వేస్తే తిట్టి మళ్లీ వేయించారు. చివరికి మోతీబాయి అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇగ పెండ్లి లెక్కున్నది" అంది.

ఆ మాట తండాలకు, తండాల నుంచి ఊళ్లకు పాకింది. ఆ సీజన్ ముగిసే లోపు మడిగె ముందు రోజూ ట్రాక్టర్లే. ముక్కంటి స్టోర్స్ తన పేరును అప్పటికి సార్థకం చేసుకుంది. నిజంగానే స్టోర్ అయింది, సత్యానందం పరుపులకు స్టోర్ రూమ్.

"సేటూ, గా తలుపు కాడి నౌకరి ఏమాయె?" అని సత్యానందం ఒకరోజు నవ్వుతూ అడిగాడు.

"తలుపే పీకేపిస్తున్న" అన్నాడు చిన్న సేటు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "కట్టలు తెచ్చుడుకు అడ్డమొస్తున్నది."

అంతలో మడిగెలోంచి రూతమ్మ గొంతు రోడ్డంతా దాటి వచ్చింది.

"సేటూ! గా నీలం కట్ట ఇంక రాలే! తుంగతుర్తోళ్లు కూసున్నరు, జల్ది!"

చిన్న సేటు కట్ట భుజానికెత్తుకుని పరుగెత్తాడు.